రాలిన గింజల దరఖాస్తు

తమ్ముడు ఇంటి పైరేకులు మార్పిస్తున్నాడని నాకు తెలియదు. ఊరికే ఒకసారి చూసి వద్దామని కరీంనగర్‌లో బస్సెక్కి సుల్తానాబాద్ వెళ్లాను. వెళ్లేసరికి అటక మీది సామానంతా వాకిట్లో ఉంది. దాని మధ్యలో మమ్మల్ని కన్న అవ్వ రేకుపెట్టె. అవ్వ పోయి మూడేళ్లవుతోంది. తమ్ముడి భార్య సునీత పెట్టె మీది దుమ్ము దులిపి నా ముందుకు జరిపింది. "గిది నువ్వే చూడు వదినా. ఆమె పెట్టెను నేనెప్పుడు ముట్టలే, గిప్పుడు ముట్ట" అన్నది. లోపల చర్చికి కట్టుకునే తెల్లచీర, ఒక కాడకు దారం కట్టిన కళ్లద్దాలు, బీడీ ఆకు కొలతకు పెట్టుకునే రేకుముక్క, కత్తెర, ఇన్నేళ్ల రేషన్ చిట్టీల కట్ట ఉన్నాయి. అన్నిటికీ అడుగున ఖాళీ ఉప్పు సంచిలో చుట్టిన రెండు అరఠావుల కాగితాలు కనిపించాయి. విప్పకముందే అవేమిటో తెలిసింది. అవి పొయ్యిలోకి పోయాయని ముప్పై ఏళ్లకు పైగా నమ్ముతూ వచ్చాను. పొయ్యిలో వేయడం నేను చూడలేదు. వేసే ఉంటుందని అనుకున్నాను, అంతే.

ఆ కాగితాల సంగతి చెప్పాలంటే ముందు గ్రంథాలయం సంగతి చెప్పాలి. నేను పదో తరగతితో ఆగిన మనిషిని. ఆ తరువాత నేర్చుకున్నదంతా మా ఊరి గ్రంథాలయంలో, ఎవరూ చెప్పకుండా, నా అంతట నేను నేర్చుకున్నది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మొహమాటం లేదు. రెండు గదుల లైబ్రరీ. పొద్దున వచ్చే ఒక్క పేపరును మగవాళ్లు విడదీసి తలా ఒక ఠావు పట్టుకునేవారు. ఒకరిది అయ్యాక ఇంకొకరు మార్చుకునేవారు. నేనొక్కదాన్నే ఆడపిల్లను కాబట్టి, ఎవరికీ అక్కరలేని ఠావు నా దగ్గరికి వచ్చేది. అందులో మార్కెట్ ధరలు, తప్పిపోయిన వారి ఫొటోలు ఉండేవి. అవీ చదివేదాన్ని. పుస్తకాలకు పురుగు పట్టకుండా లైబ్రరీ సార్ అరల్లో వేపాకు పరిచేవాడు. అది ఎండి పొడి అయ్యి, ఏ పుస్తకం తీసినా ఒళ్లో రాలేది. పుస్తకం అంటే నా ముక్కుకు ఎండిన వేపాకు వాసనే.

పెద్ద నిఘంటువును ఇంటికి ఇవ్వరు. అక్కడే నిలబడి చూసుకోవాలి. దాని ముందరి పేజీలు చెదలు తిన్నాయి. 'అ' దగ్గర మొదలుపెట్టే వీలు లేక, మొదటి రోజు తెరుచుకున్న చోట చదవడం మొదలుపెట్టాను. అక్కడ 'చెదరు' అనే మాట ఉంది. దానికి ఇచ్చిన అర్థాల్లో ఒకదాన్ని పట్టుకుని మరో పేజీకి, అక్కడి నుంచి ఇంకో పేజీకి పోయాను. సార్ చూసి ఒక పొడుగు నోటుబుక్కు ఇచ్చాడు. అందులో నిలువు గీతలు కొట్టి, చెదిరేవి, మాసేవి, పాడయ్యేవి అని మూడు వరుసలు చేశాను. మొదటి వరుసలో చిందరవందర, చెల్లాచెదురు, వికీర్ణం, విక్షిప్తం చేరాయి. రెండో వరుసలో వెలిసిపోవడం, వాడిపోవడం, మసకబారడం, క్షీణించడం, కృశించడం, అంతరించడం ఉండేవి. మూడో వరుస అన్నిటికంటే పెద్దది: వృథా, వ్యర్థం, నిరర్థకం, నిష్ఫలం, అపవ్యయం, దుర్వినియోగం, దుబారా. ఆ మాటలే ఎందుకు పోగు చేశానని ఎవరైనా అడిగితే నా దగ్గర గొప్ప జవాబు లేదు. పుస్తకం అక్కడ తెరుచుకుంది. ఒకసారి మొదలయ్యాక, ఒకే సంగతికి ఇన్ని పేర్లుండడం ఎవరో నాకోసం దాచిపెట్టిన ఆస్తిలా అనిపించింది.

ఇంటికి వచ్చి వాటిని పైకి చదివేదాన్ని. ఒకరోజు అవ్వ చాటతో గింజలు చెరుగుతూ విన్నది.

"గవన్నీ ఒకటేనా?"

"ఒకటే అవ్వా. అన్నిటికి ఒకటే అర్థం."

"ఒకటెట్లయితదే? ఒలికింది వేరే, రాలింది వేరే, చిందింది వేరే. గింత సదివి గదెర్కలేదా?"

గోడకు ఒరిగి కూర్చున్న నాన్న, మా బాపు, నవ్వాడు. "దానికి లైబ్రరీల చెప్పలే గావచ్చు" అన్నాడు.

అవ్వ చెప్పింది ఆమె పని సంగతి. మా ఇంటి వెనక వీధిలో బియ్యం మిల్లు ఉండేది. వడ్లు ఉడకబెట్టి, సిమెంటు గచ్చు మీద ఆరబోసి, కాళ్లతో మలుపుతూ ఎండబెట్టి, మర పట్టేవారు. ఉడికిన వడ్ల వాసన మా వాడంతా ఉండేది. ఊక మండిన బూడిద ఆరేసిన బట్టల మీద పడేది. మా వాడ ఆడవాళ్లు తెల్లబట్టలు ఉతకాలంటే మిల్లు ఆగే రోజు చూసుకునేవారు. బాపు ఆ మిల్లులోనే హమాలీ. నడుము పట్టేశాక బస్తా ఎత్తలేక ఇంట్లో కూర్చున్నాడు. అప్పటి నుంచి అవ్వ, ఇంకో రెండిళ్ల ఆడవాళ్లు కలిసి, సాయంత్రం హమాలీలు దిగిపోయాక, గేటు మూసేలోపు, మిల్లు వాకిలి, గచ్చు, కాంటా గది ముంగట ఊడ్చేవారు. ఊడ్చినందుకు కూలి లేదు. ఊడ్పులో దొరికిన గింజలే కూలి. మిల్లు యజమాని పెద్ద సేటు నాటి నుంచి నడుస్తున్న పద్ధతి అది. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

ఒలికిన గింజలు కాంటా దగ్గర దొరుకుతాయి. బస్తా నింపేటప్పుడు అంచు దాటి పడ్డవి గనుక కుప్పగా, శుభ్రంగా ఉంటాయి. రాలినవి చీకిపోయిన గోనె సంచుల నుంచి పడతాయి. హమాలీ నడిచిన దారంతా సన్నని గీతలాగా ఉంటాయి. చిందినవి, వడ్లను పైకెత్తి మరలో పోసే ఎలివేటర్ కింద దొరుకుతాయి. వాటిలో మర నూనె, ఇనుపరజను కలిసి ఉంటాయి. లారీ వెనక తొక్కుడు పడ్డవి సగం పిండి అయి మట్టిలో దిగి ఉంటాయి. ఇక గింజ లేని పొల్లు గాలికి గోడ వారన చేరుతుంది. అవ్వ ఎక్కడ ముందు ఊడ్వాలో, ఎక్కడ మెత్త చీపురు వాడాలో, దేన్ని జల్లెడ పట్టాలో, దేన్ని కడగాలో ఈ లెక్కనే తేల్చుకునేది. కనుబొమల మీద బూడిదతో, కొంగులో మూటతో ఇంటికి వచ్చేది. రాళ్లు ఒకవైపు, వడ్లు ఒకవైపు, బియ్యం ఒకవైపు, నూకలు ఒకవైపు చేసేది. ఆఖరున మిగిలింది కోళ్లకు. నూకలతో పొద్దున జావ. మా అన్నానికి గోనె వాసన, దాని కింద కొంచెం మరనూనె వాసన ఉండేవి. చుట్టాలింట్లో అన్నం తిన్నప్పుడు ఏదో తక్కువైనట్టుండేది.

పెద్ద సేటు కాళ్ల నొప్పులతో మిల్లుకు రావడం మానేశాడు. కొడుకు వచ్చి కూర్చున్నాడు. అందరూ చిన్న సేటు అనేవారు. పట్నంలో చదువుకున్నవాడు, మాట మెత్తన. మిల్లులో ఏ పని ఎవరు ఎందుకు చేస్తున్నారో రాసిపెట్టుకోవడం అతని అలవాటు. ఒక సాయంత్రం కాంటా దగ్గర బస్తాలు జోకే ఖాదర్ చాచా మా ఇంటికి వచ్చాడు. బాపుకు పాత దోస్తు.

"చెల్లే, జర ఇను. పెద్దపల్లి నుంచి ఒకాయన వచ్చిండు. ఊడ్పు గుత్తకియ్యమని అడుగుతుండు. చిన్న సేటు ఇంక ఊ అనలే, ఊహూ అనలే. మీరు ముగ్గురు కలిసి ఒక దరఖాస్తు పెట్టున్రి. ఆయనకు కాయితం ఉంటెనే మాట చెవులకెక్కుతది."

"మాకెవరు రాస్తరన్నా?" అన్నది అవ్వ.

చాచా నా నోటుబుక్కు వైపు చూశాడు. "ఇంట్ల మున్షీని పెట్టుకొని నన్నడుగుతున్నవా?"

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఆ ఊడ్పు పోతే మా ఇంట్లో పొద్దటి జావ పోతుందని, బాపు మందుగోలీల తరువాతి ముద్ద పోతుందని నాకు తెలుసు. అయినా ముందు గుర్తొచ్చింది మూడు వరుసల మాటలే.

ఏం రాయాలో అవ్వ ఆదివారం చర్చి నుంచి వస్తూ దారిలో చెప్పింది. "మేము మూడిండ్లోళ్లం ఇన్నొద్దుల సంది ఊడ్సుకుంటున్నం, గట్లనే ఊడ్సుకోనియ్యున్రి అని రాయి. అంతే."

"అంతే రాస్తే ఎట్ల అవ్వా? ఆయన సదువుకున్నోడు. ఎందుకియ్యాల్నో చెప్పాలె గద?"

"నీ ఇష్టం బిడ్డా. నీకెర్క."

సేటుకు ఆ గింజలు ఎందుకూ పనికిరావని, ఎలాగూ పోయేవేనని రుజువు చేస్తే చాలు, ఇవ్వడానికి అభ్యంతరం ఉండదని నా తర్కం. కాబట్టి గింజలు ఎక్కడెక్కడ, ఎట్లా పోతున్నాయో రాశాను. జీర్ణమైన గోనె సంచుల నుంచి ధాన్యం మార్గమంతటా వికీర్ణమవుతున్నదని రాశాను. ఎలివేటర్ మూతి వద్ద విక్షిప్తమై నూనెలో నిరర్థకమవుతున్నదని, కాంటా వద్ద ఒలికి, లారీ చక్రాల కింద నలిగి, గచ్చు పగుళ్లలో నిక్షిప్తమై వృథా అవుతున్నదని రాశాను. చోటు చోటుకూ ఒక మాట వాడాను, ఒక్క మాట రెండోసారి రానీయలేదు. అవ్వ చెప్పిన తేడాలే వాటికి వెన్నెముక. పేర్లు మాత్రం నిఘంటువువి. రెండో కాగితం అడుగున చోటు అయిపోవస్తుంటే, ఆ గింజలను ఎప్పటివలె ఊడ్చుకోనివ్వవలసిందని ఒక వాక్యం ఇరికించాను. దాని కింద ముగ్గురు ఆడవాళ్లు, ఖాదర్ చాచా తెచ్చిన ఊదారంగు ప్యాడ్‌తో వేలిముద్రలు వేశారు. అవ్వ వేలు కడుక్కోకుండా రోజంతా అట్లాగే తిరిగింది.

మరునాడు కాంటా గది ముందు మేం నిలబడి ఉండగా చిన్న సేటు దాన్ని నిలబడే చదివాడు. మొదటి కాగితం రెండుసార్లు చదివాడు.

"ఇది ఎవరు రాసిన్రు?"

"నా బిడ్డ సారూ" అన్నది అవ్వ. కొంగు సర్దుకుని మరీ అన్నది.

"బాగ రాసినవమ్మా" అన్నాడు నాతో. తరువాత చాచా వైపు తిరిగాడు. "కాకా, ఎలివేటర్ కింద గింత పోతుందా? నాకెవ్వరు చెప్పలేదేంది?"

చాచా తల గోక్కున్నాడు. సేటు కాగితం పట్టుకుని, గచ్చు మీదికి నడిచాడు. పగుళ్ల దగ్గర వంగి చూశాడు. గోనె సంచుల దొంతి దగ్గర ఆగి ఒక సంచి చిల్లులో వేలు పెట్టి అవతలికి తీశాడు. నేను రాసిన వరుసలోనే, ఒక చోటు వదలకుండా తిరిగాడు. నేను వెనక నడుస్తూ, ఒక్కో మాటకు ఆయన ఆగుతుంటే గర్వపడుతున్నాను. అవ్వ మాత్రం నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ముఖం చూశాక గాని నాకు అర్థం కాలేదు.

పదిహేను రోజుల్లో ఎలివేటర్ కింద రేకు తొట్టి వచ్చింది. కాంటా దగ్గర తాటిపత్రి, అదే టార్పాలిన్ పట్టా, పరిచారు. గచ్చు పగుళ్లు సిమెంటుతో పూడ్చారు. గుత్త అడిగిన పెద్దపల్లి ఆయన వచ్చి, అద్దంలా ఉన్న వాకిలి చూసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. చాచా మాత్రం నేను కనిపించినప్పుడల్లా అనేవాడు, "అరె బేటీ, నువ్వు దరఖాస్తు రాసినవా, మిల్లుకు మరమ్మతు చిట్టీ రాసినవా?" ఆయన మాటలో కోపం ఉండేది కాదు. అందుకే తలెత్తలేకపోయేదాన్ని.

సేటు చెడ్డవాడు కాదు. ఆయన రోజుకూలికి ఊడ్వమన్నాడు. ఊడ్చిన గింజలు మళ్లీ బస్తాలో పోయాలి. మిగతా ఇద్దరూ సరే అన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. ఆ వాకిలిని తన చేత్తో ఊడ్చి ఇంకొకరి సంచిలో పోయడానికి ఆమె చెయ్యి రాలేదు. ఇంతలో చినిగిన సంచులు కుట్టే మనిషి కావాలని సేటు చాచాతో అన్నాడు. చాచా బాపు పేరు చెప్పాడు. దబ్బనం, సుతిలి దారం, సంచుల దొంతి మా ఇంటికే వచ్చాయి. రెండేళ్లుగా గోడకు ఒరిగి కూర్చున్న మనిషి పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, సంచులు ముందేసుకుని కూర్చునేవాడు. అవ్వ గింజలు పడే చిల్లులను బాపు ఒక్కొక్కటే మూస్తూ పోయాడు. దాన్ని మేమెవరం పైకి అనలేదు. ఒకసారి మాత్రం ఆయనే అన్నాడు.

"ఇంటున్నవా, పది సంచులకు ఒకదాని మూల జర వదులుగ కుడుత. చాచకు చెప్త. సాయంత్రం పోయి గా గీత మీద ఊడ్సుకరా. ఎవడు చూసొచ్చిండు?"

అవ్వ బీడీ ఆకులు తడుపుతోంది. అప్పటికే ఆమె బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు.

"రాలింది ఏరుకున్న గని, రాల్చి ఏరుకోలే. మంచిగ కుట్టు."

బాపు దగ్గి, అప్పటికే వదులుగా వేసిన ఒక కుట్టు విప్పి మళ్లీ కుట్టాడు. ఆ తరువాత ఆయన కుట్టిన సంచి చినిగిందని ఎవరూ అనలేదు.

మా ఇంటి వాసన మారింది. ఉడికిన వడ్లకు బదులు తడిపిన తునికాకు, తంబాకు. ఒడిలో చాట పెట్టుకుని అవ్వ బీడీలు చుడుతూనే మాట్లాడేది, పాట పాడేది, కునుకు కూడా తీసేది. వేళ్లు మాత్రం ఆగేవి కావు. జావ మానలేదు గాని నూకలు కొనాల్సి వచ్చింది. ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. అనని మాటను ఎట్లా అర్థం చేసుకోవాలో ఏ నిఘంటువులోనూ లేదు గనుక, ఆమె నన్ను క్షమించలేదని నేనే ఖాయం చేసుకున్నాను. నోటుబుక్కు మూసి పెట్టాను.

ఎందుకు మానేశావని లైబ్రరీ సార్ అడిగినప్పుడు జరిగింది చెప్పి, నా దగ్గరున్న చిత్తుప్రతి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని మొత్తం చదివాడు. ఒక్క తప్పు కూడా దిద్దలేదు. "మాటలన్నీ సరిగ్గనే ఉన్నయి సువార్తా. కాని మీరు అడిగింది ఎక్కడుంది ఇందుల?" అన్నాడు. నేను రెండో కాగితం అడుగున వేలు పెట్టి చూపించాను. "అయ్యో, ఇది చదివేసరికి ఆయన లేచి గచ్చు చూడబోయి ఉంటడు" అన్నాడు. తరువాత నేను అంగన్‌వాడీలో పనికి చేరి ఎన్నో అర్జీలు రాశాను. పిల్లల పప్పు కోసం, కారుతున్న కప్పు కోసం, రాని జీతం కోసం. ప్రతిదాంట్లో అడగాల్సింది మొదటి వాక్యంలోనే ఉండేది. చదివినవాళ్లు వాటిని మెచ్చుకోలేదు గాని, కొన్నిటికి పనులయ్యాయి.

మొన్న ఆ కాగితాలు విప్పే ముందు మిల్లు వైపు నడిచి చూసి వచ్చాను. యజమానులు మారారు, యంత్రాలు మారాయి. వడ్లు ఒక గొట్టంలో పోయి ఇంకో గొట్టంలో బియ్యమై వస్తాయి. వాకిట్లో చీపురు పని లేదు. దానికి బదులు ఊరి బయట రోడ్డు మీద, కొనుగోలు కేంద్రం ముందు, కిలోమీటరు పొడుగున వడ్లు ఆరబోసి ఉన్నాయి. బండ్లు వాటి అంచు తొక్కుతూ పోతున్నాయి. అవ్వ చూసి ఉంటే ఏ చివర మొదలుపెట్టాలో నిమిషంలో తేల్చేది. ఇప్పుడు ఎవరూ ఏరడం లేదు. అందులో విచారపడాల్సింది ఏమీ కనిపించలేదు. రేషన్ బియ్యం వస్తోంది, ఏరే అవసరం పోయింది. నలిగిన గింజను చూడగానే అది ఒలికిందో రాలిందో చెప్పగలిగే వాళ్లూ తగ్గారు. ఆ అవసరం, ఈ నేర్పు రెండూ కలిసే పోయాయి.

కాగితాలు మడతల దగ్గర చీకాయి. వాటి వెనక అవ్వ గంజితో పాత చీర పీలిక అతికించి ఉంది. సేటు చూసేశాక దరఖాస్తును చాచా తెచ్చి అవ్వకిచ్చాడని తెలుసు గాని, ఆ తరువాత అది నా కంట పడలేదు. ఇది చూసి ఏదో అర్థం తీయాలని మనసు పోయింది గాని, వెంటనే తీయలేదు. వేలిముద్ర వేసిన కాగితం పారేస్తే ఏదో అవుతుందని అవ్వకు భయం. చెల్లిపోయిన రేషన్ చిట్టీలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. దీన్ని దాచింది కూడా ఆ భయంతోనే కావచ్చు. అయితే రేషన్ చిట్టీల వెనక పీలికలు అతికించి లేవు.

పైరేకులు కారినప్పుడు నీళ్లు దిగినట్టున్నాయి. మొదటి కాగితంలో నా కలం సిరా అంతా నీలి మరక అయిపోయింది. వికీర్ణమూ విక్షిప్తమూ ఏవి ఎక్కడ ఉన్నాయో నాకే తెలియడం లేదు. లోపలి మడతలో ఉన్న రెండో కాగితం అడుగున ఒక వాక్యం మిగిలింది. దాని కింద మూడు ఊదారంగు వేలిముద్రలు, నడిమిది అవ్వది, గీతలతో సహా ఉన్నాయి.

"ఏం కాయితం వదినా? ఏం రాసున్నది?" అన్నది సునీత, భుజం మీంచి చూస్తూ.

"మేము మూడిండ్లోళ్లం ఊడ్సుకుంటున్నం, గట్లనే ఊడ్సుకోనియ్యున్రి అని అడిగినం."

"మరి ఊడ్సుకోనిచ్చిన్రా?"

"ఇయ్యలే" అన్నాను.